మరిడమ్మ సాక్ష్యం

మరిడమ్మ చేప తల నరికే తీరు చూసి మా వీధిలో చిన్నపిల్లలు ఇళ్ళలోకి పారిపోయేవారు. మా మెట్ల ముందు తట్ట దించి, చెక్క మొద్దు మీద వంజరాన్ని పెట్టి, దాని కళ్ళలోకి ఒకసారి చూసి, పళ్ళు కొరికి ఒక్క వేటు వేసేది. తల ఎగిరి కాలవలో పడేది.

"చేప మీద అంత కోపం ఏమిటి మరిడమ్మా?" అని ఒకసారి అడిగాను.

"సేప మీద కాదు తల్లీ," అంది కత్తి తుడుచుకుంటూ. "ఇది దేవేంద్రగాడి తల."

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. ఆ దేవేంద్ర ఎవరో, వాడి తల ఆమెకెందుకు కావాలో నాకు తెలియడానికి చాలాకాలం పట్టింది. ఒకరోజు కొంత, ఇంకోరోజు కొంత చెప్పింది. మిగిలింది ఆమె మరదలు భారతి చెప్పింది.

మరిడమ్మది కళింగపట్నానికి పైన, సముద్రం ఒడ్డునున్న దిబ్బలపేట. తల్లి పోయేనాటికి తమ్ముడు లక్ష్ముడికి ఇంకా సరిగా నడక రాలేదు. వాణ్ణి చంకనేసుకుని, నెత్తిన తట్ట పెట్టుకుని ఊళ్ళు తిరిగి పెంచింది. తనకి పెళ్ళయింది గాని, మొగుడు పారాదీపు వెళ్ళి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఆమె ఏడవలేదు. తిరిగి తమ్ముడింటికి వచ్చేసింది. వాడికి భారతినిచ్చి పెళ్ళి చేసింది కూడా ఆమే. లక్ష్ముడు చిన్న తెప్ప కొనుక్కుని, దానికి ఇంజను పెట్టించుకున్న రోజున ఊరంతటికీ చెప్పుకుంది. వాడు సముద్రం మీద ఉన్నంతసేపూ ఏ పని చేస్తున్నా ఒక చెవి అటే ఉండేది.

దేవేంద్ర లక్ష్ముడితో కలిసి ఇసకలో ఆడుకున్నవాడు. ఒకరింట్లో ఒకరు తిని పెరిగారు. వాడు కూడా మరిడమ్మని అక్క వరసన అప్పా అనే పిలిచేవాడు.

కార్తీకంలో వాయుగుండం పట్టిన రోజు అది. లక్ష్ముడితో వెళ్ళే మనిషికి జ్వరం వచ్చింది. వద్దురా అంటే వినకుండా ఒక్కడే తెప్ప తోసుకుని పోయాడు. దేవేంద్ర కూడా తన తెప్ప మీద, ముసలి రాముణ్ణి తోడు తీసుకుని వెళ్ళాడు. మధ్యాహ్నానికి గాలి మళ్ళింది. సాయంత్రానికి దేవేంద్ర తెప్ప ఒక్కటే ఒడ్డుకొచ్చింది.

"వాడి ఇంజను ఆగిపోయినాదప్పా. తాడు కట్టి లాక్కొస్తన్నాను. కెరటం తాడు తెంపేసినాది," అని దేవేంద్ర ఇసకలో కూలబడి ఏడ్చాడు. రాముడు ఎవరి ముఖమూ చూడలేదు.

మర్నాడు లక్ష్ముడి శవం ఉత్తరాన ఇంకో ఊరి ఒడ్డుకి చేరింది. తెప్ప కూడా బోర్లాపడి కొట్టుకొచ్చింది. ఊరు శవం చుట్టూ చేరితే మరిడమ్మ తెప్ప దగ్గరకి వెళ్ళింది. ముందు కొక్కేనికి కట్టిన తాడు అలాగే ఉంది. దాని కొస పట్టుకుని చూసింది. తెగిన తాడు పీచులు పీచులుగా విడిపోతుంది. పుట్టినప్పట్నుంచి తాళ్ళ మధ్య బతికిన మనిషికి అది చెప్పక్కర్లేదు. ఈ కొస నున్నగా ఉంది. కత్తి పెట్టి కోసిన కొస.

ఆ తాడు ముక్క విప్పి పట్టుకుని కులపెద్ద జగన్నాధం దగ్గరకి వెళ్ళింది. జగన్నాధం దేవేంద్రకి స్వయానా మేనమామ.

"నువ్వు సూసినావేటి?" అన్నాడాయన. "సూడనిది మాటాడకు. సచ్చినోడు ఎలాగూ సచ్చినాడు, బతికినోణ్ణి కూడా సంపీమంటావేటి?"

పోలీసులు వచ్చి, నీట మునిగి చనిపోయాడని రాసుకుని వెళ్ళిపోయారు. రాముడి ఇంటి ముందు మరిడమ్మ రోజూ నిలబడేది. ఆయన తలుపు తీయలేదు. మరుసటి ఏడు దగ్గు ముదిరి, ఏమీ చెప్పకుండానే పోయాడు. దేవేంద్ర అయితే లక్ష్ముడి దినకర్మలు కాకముందే గుజరాత్ రైలెక్కాడు. వీరావల్‌లో బోట్ల మీద కూలికి చేరాడని తెలిసింది.

వాడు వెళ్ళిపోయాడని తెలిసిన రోజు మరిడమ్మ గంగమ్మ గుడి ముందు జుట్టు విరబోసుకుని నిలబడింది. "అమ్మా, వాణ్ణి సంద్రంలో సంపకు. పాము సేత సంపకు. నా కళ్ళ ముందుకి తీసుకురా. వాడు ఏడవాలి, నాను ఇనాలి," అని గుడి గడప మీద అరచేత్తో కొట్టింది. అక్కడున్న ఆడవాళ్ళు భయపడి పక్కకి జరిగారు.

తర్వాత ఆమె బతుకు మొత్తం ఆ మొక్కు చుట్టూనే తిరిగింది. పండగ చేసుకోలేదు. ఎవరి పెళ్ళికీ వెళ్ళలేదు. చేపలు అమ్మింది, తలలు నరికింది, వాడు రావడం కోసం చూసింది.

కొన్నేళ్ళకి వాడు వచ్చాడు. కాని ఆమె అనుకున్న మనిషి రాలేదు. వెళ్ళేటప్పుడు ఒళ్ళంతా సారా కంపు కొట్టేవాడు, తెల్ల చొక్కా వేసుకుని, చంకలో నల్ల అట్ట బైబిలు పెట్టుకుని దిగాడు. తాగుడు మానేశాడు. పెళ్ళాన్ని కొట్టడం మానేశాడు. కళింగపట్నం రోడ్డు పక్కన రేకుల షెడ్డులో చిన్న ప్రార్థన మందిరం ఉంది. శృంగవరపుకోట వైపు నుంచి వచ్చిన అప్పలసూరి అనే పాస్టరు దాన్ని నడుపుతున్నాడు. అందరూ ఆయన్ని అయ్యగారు అంటారు. దేవేంద్ర అక్కడ చేరాడు.

భారతి అప్పటికే ఆ మందిరానికి వెళుతూ ఉండేది. మొగుడు పోయాక ఆమెకి తిండి సహించేది కాదు, నోట మాట వచ్చేది కాదు. ఎవరో తీసుకువెళితే వెళ్ళింది, అక్కడ కూర్చుని ఏడిస్తే ఎవరూ ఆపలేదట, అందుకని మళ్ళీ వెళ్ళింది. ఒక ఆదివారం ఇంటికొచ్చి వదినగారి ఎదుట నిలబడింది.

"వదినా, దేవేంద్ర ఈవేళ సాక్ష్యం సెప్పినాడు."

"సాచ్చమా? ఏటి సెప్పినాడు?" మరిడమ్మ చేతిలో వల కింద పడింది.

"పాపానికి బానిసగా ఉన్నానన్నాడు. తాగినానన్నాడు, కొట్టుకున్నానన్నాడు. పెబువు విడిపించినాడన్నాడు."

"తాడు సంగతి?"

భారతి తల అడ్డంగా ఊపింది.

మరుసటి ఆదివారం మరిడమ్మ మందిరానికి వెళ్ళింది. బొట్టు చెరపకుండా, గంగమ్మ తాయెత్తు తీయకుండా వెళ్ళి, ఆడవాళ్ళ వైపు మొదటి వరసలో చాప మీద కూర్చుంది. పాటలు పాడుతుంటే నోరు కదపలేదు. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకుంటే ఆమె కళ్ళు తెరిచి దేవేంద్రనే చూసింది. వాడు కళ్ళు తెరిచాడు. ఆమెను చూశాడు. చేతిలో పుస్తకం వణికింది.

ఆ వణుకు చూసిన రోజున కడుపునిండా అన్నం తిన్నానని ఆమె నాతో చెప్పింది.

అప్పట్నుంచి ఏ ఆదివారమూ మానలేదు. దేవేంద్ర స్తంభం చాటుకి జరిగితే ఆమె కూడా జరిగి కూర్చునేది. వాడు ప్రార్థన చేయడానికి లేస్తే చూపు వాడి మెడ మీద పెట్టేది. వాడి మాట మధ్యలో తడబడేది. సాక్ష్యం చెప్పమని అయ్యగారు పిలిస్తే గొంతు బాగోలేదని తప్పించుకునేవాడు. మందిరంలో మిగతావాళ్ళు ఈమెకి వాక్యం మీద ఆకలి పుట్టిందనుకుని సంతోషించారు. మంచినీళ్ళిచ్చేవారు, విసనకర్ర ఇచ్చేవారు.

ఆకలి ఉంది. అది వేరే ఆకలి. కాని కూర్చున్న మనిషి చెవులు మూసుకుని కూర్చోదు కదా. పాపం చేసినవాడు ఆ పాపానికే దాసుడవుతాడని, ఆ దాస్యం నుంచి మనిషి తనంతట తాను బయటపడలేడని, దేవుడి కుమారుడు విడిపిస్తేనే విడుదలని అయ్యగారు చెబుతుంటే వినేది. వింటూ, ఇందులో వాణ్ణి పొడవడానికి పనికొచ్చే మాట ఏదా అని ఏరుకునేది.

ఒక ఆదివారం ఆ మాట దొరికింది. బలిపీఠం దగ్గర కానుక పెట్టబోతూ, నీ మీద నీ సహోదరుడికి ఏదైనా బాధ ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే విడిచి ముందు వెళ్ళి అతనితో సమాధానపడు, తర్వాత వచ్చి కానుక పెట్టు అని యేసు చెప్పిన సంగతి అయ్యగారు వివరించారు.

మరిడమ్మ లేచి నిలబడింది. చీర కొంగులోంచి తాడు ముక్క తీసి, దేవేంద్ర ముందు చాప మీద పడేసింది.

"ఇది గురుతున్నాదేటిరా?"

"అమ్మా, కూర్చోండి, ఆరాధన అయ్యాక మాట్లాడుకుందాం," అన్నారు అయ్యగారు.

"నాను కూకోను అయ్యగారూ. మీరే కదేటి ఇప్పుడు సెప్పినారు? ముందు పోయి తీర్చుకుని, తరవాత ఇక్కడికి రమ్మన్నారు. ఈడు తీర్చుకోకుండా వచ్చినాడు. తెల్ల సొక్కా ఏసుకుని వచ్చినాడు. నా తమ్ముణ్ణి కట్టిన తాడు కోసీసి వచ్చినాడు."

వెనకనుంచి ఒక పెద్దావిడ మెల్లగా అంది: "దేవుడు అతన్ని క్షమించేశాడమ్మా. పాతవన్నీ పోయాయి."

మరిడమ్మ గిర్రున తిరిగింది. "సమించీసినాడా? సచ్చినోడు నా తమ్ముడు. ఏడిసినదాన్ని నాను. మరి నన్నడిగినాడా? మీ దేవుడు నన్నడిగినాడా?"

భారతి లేచి ఆమె చెయ్యి పట్టుకుంది. "వదినా, రా. నాను సమించీసినాను. మొగుడు నాకు. నాను సమించినాను. ఇంటికెల్దాం రా."

మరిడమ్మ ఆ చేతిని విదిలించి కొట్టింది. "నీ మొగుడయ్యే ముందు వాడు నా బిడ్డ," అంది. అని బయటికి నడిచింది.

దేవేంద్ర మర్నాడు పొద్దున్నే ఆమె ఇంటికి వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు. పుస్తకం తేలేదు. చొక్కా కూడా మాసినదే. మరిడమ్మ చేపలకి ఐసు కొడుతోంది. చేతిలో సుత్తి అలాగే ఉంచుకుంది.

"కోసినానప్పా," అన్నాడు.

వాడే చెప్పుకుపోయాడు. కెరటాలు ఎత్తుగా లేచాయి. వెనక తెప్ప బరువుకి తన తెప్పలోకి నీళ్ళు వస్తున్నాయి. రాముడు నీళ్ళు తోడుతున్నాడు. లక్ష్ముడు అటునుంచి చెయ్యి ఊపి, మెల్లగా పోనీమని అరుస్తున్నాడు. తాను కత్తి తీశాడు. రాముడు వద్దురా వద్దురా అన్నాడు. తాను కోసేశాడు.

"కోయకపోతే మునిగిపోదువేటి?" అడిగింది మరిడమ్మ.

"తెల్దప్పా. అదే నన్ను తినేసినాది. మునగకపోదుమేమో. ఇంకాసేపు పట్టుకుంటే ఒడ్డు కనబడేదేమో. నాకు బయమేసినాది. నా పేణం నాకు తీపైపోయినాది. తాగితే మరిసిపోతాననుకున్నాను. ఈరావలెల్తే మరిసిపోతాననుకున్నాను. మందిరంలో అందరికీ సెప్పినాను గాని ఇది మాత్రం నోటికి రానేదు. నువ్వొచ్చి కూకున్నకాడనుంచి..." అని ఆగి, రెండు చేతులూ జోడించాడు. "నన్ను సమించప్పా."

ఆమె ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన ఏడుపు అది. వాడి చెంపల మీద కారుతోంది. ఆమె వింది. సరిపోలేదు.

"సమించను," అంది. "నువ్వు నాకు సెప్పినది కులపెద్దల ముందు సెప్పు. పోలీసు టేసనులో సెప్పు. నువ్వు జైల్లో కుళ్ళాల. అది నాను సూడాల."

"సెప్తానప్పా," అన్నాడు వాడు.

చెబుతాడని ఆమె నమ్మలేదు. కాని వాడు అదే రోజు వలలు ఆరేసే చోట కులపెద్దల్ని కూడగట్టి అందరి ఎదుటా చెప్పాడు. జగన్నాధం లేచి మేనల్లుణ్ణి చెంప మీద కొట్టాడు. నిజం చెప్పినందుకు కొట్టాడో, చేసినందుకు కొట్టాడో ఎవరికీ అర్థం కాలేదు. వాడి తెప్పని ఊరి ఒడ్డు మీంచి తీసేయించారు. దేవేంద్ర పెళ్ళాం పిల్లల్ని తీసుకుని ఎచ్చెర్ల దగ్గరి పుట్టింటికి వెళ్ళిపోయింది. వాడు ఒక్కడే నడిచి పోలీసు స్టేషనుకి వెళ్ళాడు.

అక్కడ మరిడమ్మని కూడా పిలిపించారు. ఎస్సై మర్యాదగానే అడిగాడు: "అంతకుముందు ఇద్దరికీ గొడవలేమైనా ఉన్నాయా అమ్మా? చంపుతానని ఎప్పుడైనా అన్నాడా?"

ఆ ప్రశ్నలో ఏముందో మరిడమ్మకి తెలుసు. భయపడి తాడు కోసిన మనిషికి ఒక శిక్ష. ముందే పగబట్టి, అదను చూసి కోసిన మనిషికి ఇంకో శిక్ష. ఆదివారం నుంచి ఆదివారానికి కళ్ళతోనే వాణ్ణి చంపుతూ వచ్చిన ఆమెకి ఇప్పుడు ఒక మాట చేతికందింది.

"అన్నాడు బాబూ," అంది. "ముందురోజే అన్నాడు. సంద్రంలోనే నిన్ను తేల్చేస్తానని నా తమ్ముణ్ణి బెదిరించినాడు. నాను సెవులారా ఇన్నాను."

రాసుకున్నారు. దేవేంద్ర మీద హత్య కేసు పెట్టి శ్రీకాకుళం దగ్గరి జైలుకి పంపారు.

ఆ రోజు మరిడమ్మ మా వీధిలో చేపలు తీసుకున్న ప్రతి ఇంటికీ పైన ఒక గుప్పెడు నెత్తళ్ళు వేసింది. తలలో కనకాంబరాలు పెట్టుకుంది. "ఏమిటి మరిడమ్మా విశేషం?" అంటే, "గంగమ్మ ఇన్నాది తల్లీ," అంది. ఆమె పళ్ళు అంత తెల్లగా ఉంటాయని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇంటికెళ్ళేసరికి భారతి పొయ్యి వెలిగించకుండా కూర్చుని ఉంది.

"అబద్దం సెప్పినావు వదినా."

"ఏటబద్దం?"

"ముందురోజు దేవేంద్ర మనింట్లోనే తిన్నాడు. నానే ఒడ్డించినాను. కవ్వల సేపల పులుసు ఇంకొంచెం ఎయ్యమని నువ్వే అన్నావు. ఇద్దరూ నవ్వుకుంటా తిన్నారు. బెదిరింపెక్కడిది?"

"వాడు నా తమ్ముణ్ణి సంపినాడు. అది అబద్దమేటి?"

"అది నిజం. ఇది అబద్దం." భారతి గొంతు పెంచలేదు. "వాడు సేసినదాన్ని వాడు సెప్పుకున్నాడు. వాడు సెయ్యనిదాన్ని నువ్వు వాడికి అంటగట్టినావు."

"ఒసే, నా తిండి తిని నాకే బుద్ది సెప్తావేటే!" అని అరిచింది మరిడమ్మ. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటలు పోయాయి. ఒకే గదిలో ఉంటూ ఎవరి అన్నం వాళ్ళు వండుకున్నారు.

కొన్నాళ్ళు పోయాక మరిడమ్మకి వాణ్ణి చూడాలనిపించింది. జాలితో కాదు. వాడు చిక్కి, గడ్డం పెరిగి, ఊచలు పట్టుకుని ఏడుస్తుంటే చూడాలని. అందుకోసం కొత్త చీర కట్టుకుని శ్రీకాకుళం బస్సెక్కింది. ములాఖత్‌కి పేరు రాయించింది.

దేవేంద్ర వచ్చాడు. చిక్కలేదు. గడ్డం శుభ్రంగా గీసుకున్నాడు. కళ్ళ కింద ఉండే నల్లటి గుంటలు పోయాయి.

"అప్పా! నువ్వొచ్చినావా!" అన్నాడు. నిజంగానే సంబరపడ్డాడు.

ఆమెకి ఒళ్ళు మండింది. "ఏటిరా, బాగా తింటన్నావేటి?"

"తింటన్నానప్పా. నిద్ర పడతన్నాది. తాడు కోసిన కాడనుంచి ఇన్నేళ్ళూ నాకు నిద్ర నేదు. ఇప్పుడు పడుకుంటే తెల్లారిపోతన్నాది. నువ్వే సెప్పించినావు నాసేత. నీకు రునపడిపోయినాను."

ఊచలకి అటువైపు ఉన్నవాడు విడుదలైన మనిషిలా మాట్లాడుతున్నాడు. జైలుకి పంపితే వాడికి శిక్ష పడుతుందనుకుంది. వాడికి నిద్ర వచ్చింది.

"నాను పోలీసులకి ఏటి సెప్పినానో తెలుసా నీకు?" అంది, ఎలాగైనా పొడవాలని.

"తెలుసు. బెదిరించినానని సెప్పినావు." వాడు కళ్ళు దించుకున్నాడు. "నాను అననేదు, అది నీకూ తెలుసు. లాయరుబాబు అడిగితే, అప్ప ఏటి సెప్తే అదే అన్నాను. నా మీద నీకంత కోపం ఉండడం నాయమే. నాకేటీ కోపం నేదప్పా. నాను ఆ మాట మనసులో ఎట్టుకోనేదు."

మరిడమ్మ ఊచలని రెండు చేతులా పట్టుకుని ఊపింది. "నువ్వెవడివిరా నన్ను సమించడానికి? ఎవడివిరా!" అని అరిచింది. జైలు మనుషులు వచ్చి ఆమెను బయటికి తీసుకెళ్ళారు.

బస్సులో అందరూ చూస్తుండగా ఏడ్చిందట. అది దుఃఖం కాదని, కోపమేనని నాతో గట్టిగా చెప్పింది. తమ్ముడి శవం మీద కూడా అంత ఏడవలేదట.

అక్కణ్ణుంచి ఆమెకి కష్టకాలం మొదలైంది. కోర్టు తేదీ దగ్గరపడే కొద్దీ ఆ అబద్ధానికి కాపలా కాయాల్సి వచ్చింది. ప్రభుత్వ వకీలు కబురుపెట్టి, ఆ మాట ఏ పూట అన్నాడు, ఎక్కడ నిలబడి అన్నాడు, ఇంకెవరు విన్నారు అని అడిగాడు. వల కట్టే చోట అంది ఒకసారి, ఇంటి దగ్గర అంది ఇంకోసారి. "మీ మరదలు ఉందా అక్కడ?" అంటే ఉంది అనేసింది. ఇప్పుడు భారతి కూడా కోర్టులో చెప్పాలి. భారతి చెప్పదు. భారతి నోరు విప్పితే తన పని అయిపోతుంది. పొద్దున్నే భారతి ఎవరితో మాట్లాడుతోందో చూడటం, మందిరానికి వెళ్ళి వస్తే ముఖం పరీక్షించడం అలవాటైంది. దేవేంద్ర మెడ మీద పెట్టిన చూపు ఇప్పుడు సొంత మరదలి మెడ మీద పెట్టింది. ఒకరోజు చేపలు కోస్తూ, ఇది చచ్చిపోతే బాగుండును అనుకుంది. అనుకున్నాక కత్తి పక్కన పెట్టేసింది. ఎవరిని అనుకుందో అప్పుడు తెలిసింది.

ఆ వారంలోనే అయ్యగారు మా ఊరికి ఏదో పనిమీద వచ్చి, సంతలో ఆమెను చూసి పలకరించారు. మందిరానికి ఎందుకు రావడం లేదని అడగలేదు. ఆమే అడిగింది.

"అయ్యగారూ, వాడు నన్ను సమించీసినానన్నాడు. వాడికేటి అదికారం?"

"వాడి సొంతం కాదమ్మా అది," అన్నారాయన. "దేవుడు వాడికి ఇచ్చిందే వాడు నీకూ పెట్టాడు."

"నాకక్కర్నేదు. వాడు సేసినది పెద్ద పాపం. నాను సేసినది సిన్నది."

"చిన్నదేనమ్మా. కాని వాడిది వాడు ఒప్పుకుని బయటపెట్టేశాడు. నీది నీ దగ్గరే ఉంది."

ఆమె ఆయన్ని తిట్టింది. ఏమని తిట్టిందో నాకు చెప్పలేదు. ఆయన నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

కోర్టు రోజున భారతిని కూడా పిలిచారు. ఇద్దరూ మాట్లాడుకోకుండా ఒకే ఆటోలో, ఒకే బస్సులో శ్రీకాకుళం వెళ్ళారు. ముందు మరిడమ్మ పేరు పిలిచారు. బోనులో నిలబెట్టి ప్రమాణం చేయించారు. ఎదురుగా దేవేంద్ర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"చనిపోవడానికి ముందురోజు ముద్దాయి మీ తమ్ముణ్ణి బెదిరించాడని చెప్పారు. ఏమన్నాడో చెప్పండి," అన్నాడు ప్రభుత్వ వకీలు.

మరిడమ్మ నోరు తెరిచింది. సిద్ధం చేసుకున్న మాటలే. రాలేదు. దేవేంద్రని చూసింది. ఇప్పటికీ వాణ్ణి చూస్తే గొంతు పిసకాలనే ఉంది. ఆ చేతులే కోశాయి. ఆ మనిషి ఊపిరి తీస్తున్నాడు, లక్ష్ముడు తీయడం లేదు.

"ఏటీ అననేదు బాబూ," అంది.

వకీలు కాగితాల్లోంచి తలెత్తాడు. "పోలీసుల దగ్గర అన్నాడని చెప్పారు కదమ్మా?"

"అది అబద్దం. ముందురోజు వాడు మాయింట్లో అన్నం తిన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. వాడు తాడు కోసినాడు, అది నిజం. నా కళ్ళతో సూసినాను ఆ కొస. వాడి నోటితో ఇన్నాను. బెదిరించినాడన్నది మాత్రం నానే కల్పించినాను."

"ఎందుకు కల్పించావు?" జడ్జిగారు అడిగారు.

"వాడు ఉరెక్కితే సూద్దామని బాబూ."

కోర్టు హాల్లో గుసగుసలు లేచి ఆగిపోయాయి. ఆమె ఇంకోమాట కూడా అంది, అది రాసుకోలేదని భారతి చెప్పింది. "ఇప్పటికీ సూద్దామనే ఉన్నాది. కాని అబద్దం సెప్పి కాదు."

భారతిని వేరే ఏమీ అడగాల్సిన అవసరం రాలేదు. కొన్నాళ్ళకి వచ్చిన తీర్పులో, ముందే పగబట్టి చంపాడనడానికి ఆధారం లేదని, అయినా తెలిసి తెలిసి ఒక మనిషిని చావుకి వదిలేశాడని తేల్చి, దేవేంద్రకి కొన్నేళ్ళ శిక్ష వేశారు.

ఆ సాక్ష్యం రోజునే, బయట వ్యాను దగ్గర కానిస్టేబుళ్ళ మధ్య నిలబడి వాడు పిలిచాడు. "అప్పా."

ఆమె ఆగింది.

"సమించినావా?"

"నేదు," అంది మరిడమ్మ. "నాను నీకేటీ ఇయ్యనేదు. అబద్దం నాది, నాను తీసీసుకున్నాను. అంతే."

"సాలప్పా," అన్నాడు వాడు. వ్యానెక్కాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సీటు ఒకటే దొరికింది. మరిడమ్మ కూర్చుని, కొంచెం జరిగి, "కూకో," అంది భారతితో. ఎంతకాలం తర్వాతో ఆమెతో అన్న మొదటి మాట అది. ఇంటికి వెళ్ళాక ఒకే కుండలో వండుకున్నారు.

మరిడమ్మ ఇప్పటికీ మా వీధికి వస్తుంది. తలలు ఇప్పటికీ ఒక్క వేటుకే నరుకుతుంది. మందిరానికి వెళ్ళదు, బాప్తిస్మం తీసుకోలేదు, గంగమ్మకి కోడిని కోయడం మానలేదు. "వాణ్ణి క్షమించావా మరిడమ్మా?" అని అడిగే ధైర్యం ఒక్కసారే చేశాను. కత్తి ఆపి నా వైపు చూసింది. "ఆ మాట సెప్పడం మీకు తేలిక తల్లీ," అంది. ఇంకెప్పుడూ అడగలేదు.

మొన్న నేను కళింగపట్నం వెళ్ళినప్పుడు దిబ్బలపేటలో వాళ్ళింటి ముందు ఆగాను. భారతి సంచీ సర్దుకుంటోంది. దేవేంద్ర పెళ్ళాం జైలుకి వెళ్ళడం మానేసిందట, వాణ్ణి చూసేవాళ్ళు లేరని నెలకోసారి ఈమే వెళ్ళి వస్తోంది. మరిడమ్మ గడప మీద కూర్చుని వల బాగుచేస్తోంది. సంచీలో ఏముందని అడగలేదు. తల కూడా ఎత్తలేదు. భారతి చెప్పులేసుకుని వీధిలోకి దిగాక మాత్రం వెనకనుంచి కసిరినట్టుగా అంది:

"ఎండ ముదిరిపోతన్నాది, బేగెల్లవే."

భారతి వెనక్కి తిరక్కుండా నడిచింది. మరిడమ్మ దారాన్ని పంటితో కొరికి, వలలో ఇంకో కన్ను వేసుకుంది.